చిట్టి ధూమశకటము

"పిట్ట కొంచెము, కూత ఘనము" అని పెద్దలు పలుకుచుందురు. ఆకారమును జూచి శక్తిని నిర్ణయింపరాదని దీని భావము. ఈ సామెత పక్షులకును మనుష్యులకును మాత్రమే గాక యంత్రములకును చెల్లునని ఒక చిన్న రైలు ఇంజను లోకమునకు ఋజువు చేసినది. ఆ ఇంజను కథయు, అట్టి ఇంజనులను స్వహస్తములతో నిర్మించి నడుపువారి వృత్తాంతమును ఈ పాఠమున తెలుపబడుచున్నవి.

ఒకప్పుడు లోకమంతటను రైళ్లను లాగినది ఆవిరి ఇంజనే. మన దేశమున 1853వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన బొంబాయిలోని బోరీబందరునుండి ఠాణాకు తొలి ప్రయాణికుల రైలు నడచెను. దానిని లాగినవి మూడు ఆవిరి ఇంజనులు. కాలక్రమమున డీజిలు ఇంజనులును విద్యుత్తు ఇంజనులును వాని స్థానము నాక్రమించినవి. నేడు డార్జిలింగు, నీలగిరి మున్నగు కొండదారులలో తప్ప ఆవిరి ఇంజను అంతగా కానరాదు. కాని ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా మున్నగు దేశములలో కొందరు తమ తీరిక వేళలను వినియోగించి, ఈ ఇంజనులను చిన్న పరిమాణమున నిర్మించి నడుపుచున్నారు. వారిలో గడియారములు బాగుచేయువారు, వైద్యులు, ఉపాధ్యాయులు, కర్మాగారములలో పనిచేయువారు మున్నగు పలువృత్తులవా రున్నారు. వారు నిర్మించునవి తాళము త్రిప్పి వదలు ఆటబొమ్మలు గావు. వానిలో నిజమైన నిప్పు మండును. నిజమైన నీరు కాగును. ఆవిరి పుట్టి చక్రములను త్రిప్పును. వాని వెనుక మనుష్యులు కూర్చుండి ప్రయాణము చేయుదురు.

చిన్న ఇంజనును చూచి పెద్ద ఇంజనునకు అనుకరణ మని తలచుట సహజము. కాని చరిత్రలో చిన్నదే ముందు పుట్టినది. విలియము మర్డాకు అను పనివాడు 1784వ సంవత్సరమున ఇంగ్లండులోని కార్న్‌వాలు సీమలో బల్లమీద నిలుపదగిన చిన్న ఆవిరిబండిని తయారుచేసెను. ఒకనాటి రాత్రి దానిని ఇరుకుదారిలో నడిపి చూచుచుండగా, నిప్పులు క్రక్కుచు బుసకొట్టుచు వచ్చుచున్న దానిని జూచి ఒక క్రైస్తవ మతగురువు దయ్యమని భ్రమించి కేకలు వేసెనని ఒక కథ వాడుకలో నున్నది. అదే సీమకు చెందిన రిచర్డు ట్రెవితిక్కు 1804వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన వేల్సు దేశమున పది టన్నుల ఇనుమును, సుమారు డెబ్బదిమంది మనుష్యులను ఆవిరి ఇంజనుచేత పట్టాలమీద తొమ్మిది మైళ్లకు పైగా లాగించెను. 1829లో స్టీఫెన్‌సనుల 'రాకెట్టు' ఇంజను పోటీలో గెలుపొందుటతో ధూమశకటయుగము స్థిరపడినది.

ఇంగ్లండున పందొమ్మిదవ శతాబ్దాంతమునకు చిన్న యంత్రములు నిర్మించు అభిరుచి బాగుగా వ్యాపించెను. 1898లో పెర్సివలు మార్షలు అను నాతడు 'మోడల్ ఇంజనీర్' అను పత్రికను స్థాపించి అట్టివారి నందరిని ఒక్కచోట చేర్చెను. ఆ కాలమున బాసెట్-లోకు అను వ్యాపారియు, హెన్రీ గ్రీన్లీ అను శిల్పియు చిన్న రైళ్ల నిర్మాణములో మిక్కిలి పేరు గాంచియుండిరి. వారి ఇంజనులు చూపునకు చక్కనివి. వానిలో పెక్కింటికి స్పిరిటు దీపముతో నీరు కాగును. అవి తమవంటి చిన్న పెట్టెలను లాగుకొని తిరుగును. మిక్కిలి చిన్న ఇంజనులో బొగ్గు మండించి, దానిచేత మనుష్యుని లాగించుట సాధ్యము గాదని నాటి నిపుణుల అభిప్రాయము.

ఆ అభిప్రాయమునకు ఆధారము లేకపోలేదు. ఒక ఇంజనును పన్నెండవ వంతు పొడవునకు తగ్గించినామనుకొందము. పొడవు పన్నెండవ వంతైనచో ఉపరితలము నూట నలుబది నాలుగవ వంతగును. లోపల పట్టు నీటి పరిమాణము 1,728వ వంతగును. అనగా నీరు తగ్గినంతగా ఉపరితలము తగ్గదు. పెద్ద బాయిలరుతో పోల్చినచో, చిన్నదానిలో ప్రతి గ్రుక్కెడు నీటికిని వేడిని బయటికి వదలు ఉపరితలము పన్నెండు రెట్లుండును. గంగాళములోని వేడినీరు చాలసేపు కాగియుండగా గిన్నెలోని నీరు త్వరగా చల్లారుట మన మెరిగినదే గదా! ఇదియు గాక, గుప్పెడు బొగ్గు నిలకడగా మండదు. సన్నని గొట్టములు మసిచే పూడిపోవును. కావున చిన్న ఇంజనునకు ఆవిరి చాలదని వారి వాదము.

ఈ వాదమునకు ఎదురు నిలిచినవాడు ఎల్.బి.ఎస్.సి. అను కలము పేరుతో వ్రాసిన ఒక పనివాడు. 1883లో జన్మించిన ఈతడు యౌవనమున 'లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్టు' రైల్వేలో పనిచేసెను. ఆ రైల్వే పేరులోని తొలి అక్షరములనే తన కలము పేరుగా గ్రహించెను. ఈతనికి గొప్ప పట్టములు లేవు, వ్యాపారసంస్థలు లేవు. కాని నిజమైన ఇంజను ఎట్లు మండునో, ఎట్లు పీల్చునో, ఎట్లు లాగునో కన్నులార చూచి చేతులార తెలిసికొనినవాడు. ఈతడు తన ఇంటిలో ఒక చిన్న ఇంజనును నిర్మించి దానికి 'అయేషా' అని పేరు పెట్టెను. దాని పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అంగుళములు. నాలుగు వ్రేళ్లు చేర్చిన వెడల్పు కూడ లేదన్నమాట! ఈ చిట్టి ఇంజను బొగ్గుతో మండి, తన వెనుక కూర్చుండిన మనుష్యుని లాగగలదని 1922లో ఆతడు పత్రికాముఖమున ప్రకటించెను.

ఆ మాట విని కొందరు నవ్విరి, కొందరు కోపించిరి. వారము వారము పత్రికలో ఖండనములును ప్రతిఖండనములును వెలువడజొచ్చెను. ఈ వివాదమునకే తరువాత 'బాయిలర్ల సమరము' అను పేరు కలిగినది.

ఎల్.బి.ఎస్.సి. యుక్తిని కొంచెము పరిశీలింతము. చీమ తనకంటె బరువైన గింజను మోయును. ఏనుగు తనంతటి ఏనుగును మోయజాలదు. ఆకారము తగ్గినకొలది బరువు వేగముగా తగ్గును; బలము అంత వేగముగా తగ్గకపోవుటయే ఇందులకు కారణము. ఇంజనునందును అంతే. ఆవిరి ముషలకముపై త్రోయు బలము దాని ఉపరితలమునుబట్టి యుండును. కావున బరువుతో పోల్చినచో చిన్న ఇంజనునకు బలమునకు కొదువ లేదు. ఉక్కు పట్టాపై ఉక్కుచక్రము జారకుండ నిలుచు శక్తి చక్రములపై పడు బరువులో సుమారు నాలుగవ వంతు. చక్రములపై పది కిలోగ్రాముల బరువు మోపు ఇంజను ఇంచుమించు రెండున్నర కిలోగ్రాముల బలముతో లాగగలదు. సమతలమైన పట్టాలపై చక్కని చక్రములు గల బండిలో కూర్చుండిన మనుష్యుని కదలించుటకు అంత బలము కూడ అక్కరలేదు. కావున లాగగలదా యను ప్రశ్న లేనే లేదు. ఎడతెగకుండ ఆవిరి నీయగలదా యనునదే ప్రశ్న. వివాదమంతయు బాయిలరు చుట్టును తిరిగిన కారణ మిదియే.

పెద్ద ఇంజను బాయిలరులో నిప్పుగూటి చుట్టును, పైనను నీరుండును. మంటయు వేడిగాలియు నీటి నడుమగల గొట్టములలో ప్రయాణించి ముందున్న పొగపెట్టెను చేరి, పొగగొట్టము గుండ బయటికి పోవును. సిలిండరులో పని ముగించిన ఆవిరిని ఆ పొగగొట్టములోనికే ఊదుదురు. అది పైకి చిమ్ముచు పొగను వెంట లాగుకొనిపోవును. ఆ లాగుడుకు నిప్పుగూటిలోనికి క్రొత్తగాలి చొరబడి బొగ్గు కణకణ మండును. ఇంజను ఎంత కష్టపడి లాగిన అంత బలముగా నిప్పు రగులును. కొలిమితిత్తిని ఒకడు వేరుగ ఒత్తవలసిన పనిలేక ఇంజను తన తిత్తిని తానే ఒత్తుకొనునన్నమాట. స్పిరిటు దీపమున కీ గుణము లేదు.

అయితే పెద్ద బాయిలరును ఉన్నదున్నట్లు తగ్గించినచో నిపుణులు చెప్పిన చిక్కులన్నియు కలుగును. పెద్దదానిలో వందలకొలది గొట్టములుండును. ఎల్.బి.ఎస్.సి. ఆ లెక్కను అనుసరింపక, కొద్ది గొట్టములనే, దామాషాకంటె లావైనవానిని అమర్చెను. మంటకు త్రోవ విశాలమయ్యెను, మసి పూడలేదు. బొగ్గును వేరుసెనగ గింజలంత ముక్కలుగ చేసి వేసెను. ప్రకృతిని కొలబద్దతో కుదింపజాలమని నేటికిని ఈ పనివారు చెప్పుకొందురు. నీరు కాగు వేడి ఇంజను చిన్నదైనంత మాత్రమున తగ్గదు. నిప్పునకు కావలసిన గాలి గుణము మారదు. ఈ సత్యమును గుర్తించి, రూపమును పెద్దదానినుండియు, కొలతలను అనుభవమునుండియు గ్రహించుటయే ఆతని నేర్పు.

మాటలతో తేలని తగవు పరీక్షతో తేలవలసినదే. 1924లో లండను నగరమున బాసెట్-లోకు పక్షపు ఇంజనును, అయేషాయు పరీక్షకు నిలిచినవి. ఆ దినమున అయేషాలో ఆవిరి తరిగియున్నచో ఎల్.బి.ఎస్.సి. రెండేండ్లుగా వ్రాసిన వ్రాతలన్నియు గాలిమాటలై పోయెడివి. బీద పనివాని ప్రగల్భమని లోకము నవ్వెడిది. కాని అయేషా తన యజమాని మాట నిలిపినది. బొగ్గు మండుచుండెను; పొగగొట్టము గుప్పుగుప్పున ఊపిరి విడుచుచుండెను; వెనుక సజీవులైన మనుష్యులు కూర్చుండి యుండిరి; చిట్టి ఇంజను వారిని లాగుకొనిపోయెను. చూచిన కన్నులకు మరి వేరు ప్రమాణ మక్కరలేకపోయెను.

ఓడిన పక్షమువారు సామాన్యులు గారని మరువరాదు. ఇంగ్లండు దక్షిణతీరమున పదునైదు అంగుళముల వెడల్పు గల పట్టాలపై 1927లో ప్రారంభమైన రామ్నీ, హైతు, డిమ్‌చర్చి రైల్వే నిర్మాణమునకు గ్రీన్లీయే ఇంజనీరు. ఆ చిన్న రైలు నేటికిని ప్రయాణికులను మోయుచునేయున్నది. పండితుడైనను ఒకానొక విషయమున పొరపడవచ్చును. పరీక్ష ఎవరి ముఖమును చూడదు.

గెలిచినవాడు తన విద్యను దాచుకొనలేదు. ఎల్.బి.ఎస్.సి. తరువాత కొన్ని దశాబ్దములపాటు పత్రికలో వ్యాసములు వ్రాసి, పెక్కు ఇంజనులకు పటములు గీసి, ఏ భాగము నెట్లు కోయవలెనో, ఎట్లు అతుకవలెనో ఎదుట నిలిచి చెప్పినట్లు వివరించెను. ఆకురాయి పట్టి యెరుగనివారు సయితము ఆ వ్యాసములు చదివి ఇంజనులు కట్టిరి. మొదటిసారి ఇంజను కట్టబూనువారి కొరకు ఆతడు రచించిన 'టిచ్' అను మూడున్నర అంగుళముల చిన్న ఇంజను మిక్కిలి ప్రసిద్ధము. ఆతడు 1967లో మరణించెను. ఆతని పటములనుబట్టి నేటికిని ఇంజనులు నిర్మింపబడుచున్నవి.

ఇట్టి ఇంజనును కట్టుట కొన్ని నెలల పని గాదు. సాయంకాలపు తీరికతో కట్టువానికి సంవత్సరములు పట్టును. మొదట ఉక్కురేకులు కోసి చట్రము బిగింతురు. పోత ఇనుపచక్రములను తరిమెనపట్టి గుండ్రముగ చేయుదురు. కుడిప్రక్క చక్రపు పిడియు ఎడమప్రక్క చక్రపు పిడియు ఒకే దిక్కున నుండరాదు; ఒకటి పైకి చూచుచున్నపుడు రెండవది ముందునకో వెనుకకో చూడవలెను. అట్లుండినగాని, ఒక ముషలకము కొసకు చేరి బలము చూపలేనిచోట రెండవది ఆదుకొనదు. ఇరువురు రైతులు తమ దుక్కిపనులను వంతులవారీగ సాగించుకొనునట్లు ఈ రెండు ముషలకములును ఒండొంటికి తోడ్పడును. పిమ్మట సిలిండర్లు, కవాటములు, నీటిని బాయిలరులోనికి పంపు పంపులు సిద్ధమగును.

అన్నిటికంటె కష్టమైనది బాయిలరు. దానిని సాధారణముగ రాగితో చేయుదురు. రాగిరేకును సుత్తెతో కొట్టినకొలది అది బిరుసెక్కును. ఎర్రగా కాల్చి నీట ముంచినచో మరల మెత్తబడును. ఇట్లు పలుమారులు కాల్చుచు, కొట్టుచు, అంచులు వంచి, ముక్కలను చేర్చి, వెండి కలిసిన టంకముతో అతుకుదురు. ఒక్క అతుకులో సూదిమొన యంత సందున్నను బాయిలరు పనికిరాదు.

పూర్తియైన బాయిలరును వెంటనే నిప్పుమీద పెట్టరు. దాని నిండ చన్నీరు నింపి, పంపుతో ఒత్తిడి పెంచి పరీక్షింతురు. చదరపు అంగుళమునకు ఎనుబది పౌనుల ఒత్తిడితో పనిచేయవలసిన క్రొత్త బాయిలరు నూట అరువది పౌనులకు తట్టుకొనవలెను. ఈ పరీక్షకు ఆవిరిని వాడక నీటినే వాడుటలో గొప్ప వివేకమున్నది. ఆవిరి ఇరుకున అణగియున్న సింహము వంటిది. అతుకు వీడినచో ప్రేలి ప్రాణములు తీయును. నీరు ఇంచుమించు అణగదు; అతుకు వీడినచో రెండు చుక్కలు కారి ఒత్తిడి పడిపోవును. నిర్మాత మనస్సు కుంగవచ్చును గాని చేయి కాలదు.

ఇంజనును నడపుదినము పండుగ వంటిది. అభిరుచి గలవారు సంఘములుగ ఏర్పడి, తోటలలో పట్టాలు పరచుకొందురు. మూడున్నర, ఐదు, ఏడుంబాతిక అంగుళముల వెడల్పు గల పట్టాలు ఎక్కువగా వాడుకలో నున్నవి. నడుపువాడు ముందుగా బాయిలరులో నీరు చూచును. ప్రతి కీలుకును నూనె వేయును. కిరోసినులో నానిన బొగ్గులను నిప్పుగూటిలో వెలిగించి, పొగగొట్టముపై చిన్న పంకా నుంచి గాలి లాగించును. కొంతసేపటికి ఒత్తిడి ముల్లు కదలును. ఆవిరి తగినంత పుట్టగానే పంకాను తీసివైచి, ఇంజను వెనుక బండిపై కూర్చుండి, ఆవిరిద్వారమును మెల్లగా తెరచును. వెనుక బండ్లపై పిల్లలు వరుసగా కూర్చుందురు. ఐదంగుళముల ఇంజను పదిమందిని లాగుట వింత గాదు.

నడుపువాని కన్ను ఒక్క వస్తువును విడువరాదు. అది నీటిమట్టమును చూపు గాజుగొట్టము. నిప్పుగూటి కప్పుపై ఎల్లప్పుడును నీరుండవలెను. నీరు అడుగంటినచో ఆ కప్పు కాలి, రాగి మెత్తబడి, అతుకులు కరగి గొప్ప అపాయము కలుగును. చక్కగా నడచుచుండగనే ఒక్కొకప్పుడు పంపు మొరాయించును. గాజుగొట్టములో నీరు దిగజొచ్చును. ఇంకొక్క చుట్టు తిరుగుదమని వెనుక పిల్లలు అరచుచుందురు. చూచువారు నవ్వుదురేమో యను సిగ్గు ఒకవైపు లాగును. చేతిపంపుతో కూడ నీరెక్కనిచో అప్పుడు చేయదగిన దొక్కటే. బండిని నిలిపి, వెంటనే నిప్పును క్రిందికి లాగివేయవలెను. ఆ దినపు ఆట అంతటితో సరి. కాని వెనుక కూర్చుండిన పిల్లలు క్షేమముగ ఇంటికి పోదురు. ఇట్లు చేయగలిగినవానినే ఆ సంఘములవారు మంచి డ్రైవరని గౌరవింతురు. వేగముగ నడిపినవాని కా గౌరవము దక్కదు.

సాయంకాలమున నిప్పు దించి, బూడిద తీసి, గొట్టములలోని మసిని కుంచెతో త్రోసి, నూనెగుడ్డతో తుడిచి ఇంజనును ఇంటికి చేర్చుదురు. చేతులు నల్లబడును, నడుము నొచ్చును. అయినను మరునాడు మరల ఆకురాయి చేపట్టుదురు.

ఈ వ్యాసంగమువలన ధనము రాదు. కాని లోహగుణములను, వేడి స్వభావమును, గణితపు లెక్కను ఇంత బాగుగ చేతికి నేర్పు గురువు అరుదు. పుస్తకములో చదివిన సూత్రము మరచిపోవచ్చును. మూడు నెలలు శ్రమించి చేసిన సిలిండరు ఒక వెంట్రుకవాసి లావై చెడినచో, ఆ పాఠము జీవితాంతము నిలుచును. అయేషా చెప్పిన పాఠమును అంతకంటె చిన్నది గాదు. పెద్దలు కాదన్నంత మాత్రమున ఒక పని అసాధ్యము గాదు. మనము ఔనన్నంత మాత్రమున సాధ్యమును గాదు. నిప్పు రాజేసి, బండి కట్టి, పట్టాలమీద నడిపి చూపినప్పుడే మాట సత్యమగును.

ప్రశ్నలు

1. చిన్న ఇంజను బొగ్గుతో మండి మనుష్యుని లాగజాలదని నిపుణులు ఏల తలచిరి?
2. చీమకును చిన్న ఇంజనునకును గల పోలికను వివరింపుము.
3. 'ఇంజను తన తిత్తిని తానే ఒత్తుకొనును' అను వాక్యమును విశదీకరింపుము.
4. క్రొత్త బాయిలరును ఆవిరితో గాక చన్నీటితో ఏల పరీక్షింతురు?
5. మంచి డ్రైవరు ఎట్టివాడు? నీ మాటలలో వ్రాయుము.